మనం ఇచ్చిన రూపాయి పని చేసిందా? ఎలా తెలుస్తుంది?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం ‘ప్రయోగాత్మక, ప్రయోగేతర పరిశోధనా పద్ధతులు’. పేరు వింటే కాలేజీ పాఠంలా ఉంది. కానీ రంజాన్‌లో జకాత్ లెక్క కట్టే ప్రతి మనిషికీ వచ్చే ప్రశ్నే ఇది: నేనిచ్చిన రూపాయి వల్ల ఒక ఇంట్లో ఏదైనా మారిందా, నేను ఇవ్వకపోయినా అదే జరిగేదా?

ఈ ప్రశ్నకు మనం మామూలుగా సావనీరులో ఫొటోలు వేసి జవాబు చెబుతాం. స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు వచ్చింది, మాషా అల్లాహ్. సంతోషించవలసిందే. అయితే ఆ అమ్మాయి మొదటి నుంచీ క్లాసులో ఫస్టు, తల్లిదండ్రులు చదువుకున్నవారు. మన సాయం లేకున్నా సీటు వచ్చేదేమో. దరఖాస్తు పట్టుకొని మన ఆఫీసు మెట్లెక్కే కుటుంబం, ఆ సంగతే తెలియని కుటుంబం కంటే అప్పటికే ఒక అడుగు ముందుంది. ఈ ఇద్దరినీ పోల్చి, తేడా అంతా మన డబ్బు పుణ్యమే అంటే లెక్క తప్పుతుంది.

ఈ చిక్కు విప్పడానికి పరిశోధకులు వాడే సాధనం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. హజ్ కమిటీ తీసే ఖుర్రా. ఉన్న సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు డ్రా తీస్తారు. పేరు వచ్చినవారికీ రానివారికీ మధ్య నియ్యత్‌లో గానీ, స్తోమతులో గానీ మొత్తం మీద తేడా ఉండదు. తేడా తెచ్చింది చీటీ ఒక్కటే. అలా చీటీతో రెండు గుంపులు చేసి, ఒకరికి సాయం ఇచ్చి, కొంతకాలం తరువాత ఇద్దరినీ ఒకేలా పరీక్షిస్తే అది ప్రయోగం. చీటీ వేయకుండా, ఉన్నది ఉన్నట్టు చూసి లెక్క కడితే అది ప్రయోగేతర పరిశోధన.

దీనికి పెద్ద ఉదాహరణ మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఐదు జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకున్నారు. చిన్న తరగతుల పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు భరించే స్కాలర్‌షిప్ 2008లో మొదలైంది. నడిపింది అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్. ఆ దాత గురించి ఈ సభకు నేను పరిచయం చేయనక్కర్లేదు. ఏ గ్రామానికి ఇవ్వాలో లాటరీ, గ్రామంలో ఏ పిల్లవాడికి ఇవ్వాలో మళ్ళీ లాటరీ.

ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. ప్రైవేటు పిల్లలనూ సర్కారు బడి పిల్లలనూ ఊరికే పోలిస్తే ప్రైవేటు పిల్లలకే చాలా ఎక్కువ మార్కులు. కానీ లాటరీలో పేరు వచ్చినవారినీ రానివారినీ పోలిస్తే, నాలుగేళ్ళ తరువాత కూడా తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం పేరు వచ్చిన పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బళ్ళు హిందీకి ఎక్కువ సమయం ఇచ్చాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బళ్ళలో ఒక్కో పిల్లవాడిపై అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి ఎవరు గెలిచారన్నది మీరు ఏది కొలుస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. పిల్లల ఫీజులకు మనం ఏటా ఇచ్చే డబ్బు గురించి ఆలోచించేటప్పుడు నాకు ఈ అధ్యయనం గుర్తుకొస్తుంది.

నోటుబుక్కుల పంపిణీ చేసే దాతలకు ఇంకా దగ్గరి సంగతి ఒకటి. అదే రాష్ట్రంలో లాటరీతో ఎంచుకున్న బళ్ళకు అదనపు గ్రాంటు ఇచ్చారు. ఎక్కువ భాగం నోటుబుక్కుల వంటి పిల్లల సామాన్లకే పోయింది. మొదటి ఏడు ఆ డబ్బు వస్తుందని తల్లిదండ్రులకు తెలియదు. పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు వస్తుందని ముందే తెలుసు. ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, ఆ ఏడు గ్రాంటు వల్ల మార్కులు పెరగలేదు. నన్నడిగితే ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. మిగిలిన డబ్బు పేద ఇంట్లో బియ్యానికో మందులకో పోయి ఉంటుంది. ఇంటి భారం తగ్గించడం మన ఉద్దేశమైతే పంపిణీ పని చేసినట్టే. చదువు పెంచడం ఉద్దేశమైతే డబ్బు ఇంకోలా ఖర్చు పెట్టాలి. ఆ రెండింటిలో మనకు ఏది కావాలో తీర్మానంలో ముందే రాసుకోవాలి.

‘పేదవాడి ముందు చీటీలు వేయడం న్యాయమా?’ అని కొందరు పెద్దలు అడిగారు. మంచి ప్రశ్న. దైవప్రవక్త (స) ప్రయాణానికి సతీమణుల్లో ఎవరిని వెంట తీసుకెళ్ళాలో చీటీ వేసి నిర్ణయించేవారని హదీసుల్లో ఉంది. హక్కు అందరికీ సమానమై, ఇచ్చేది తక్కువైనప్పుడు చీటీ పక్షపాతాన్ని తీసేస్తుంది. సిఫారసు చిట్టీ కంటే ఇది నయం. కానీ ఆకలితో ఉన్న వితంతువుకు రేషన్ ఆపి ‘మీరు పోలిక గుంపు’ అనడం ఎంతమాత్రం కుదరదు. జకాత్ హక్కుదారుల విషయంలో ఉలమాను అడగకుండా ఒక్క అడుగూ వేయవద్దు. నేను అంటున్నది సదకా డబ్బుతో పెట్టే అదనపు సీట్ల గురించి.

ఎవరినీ వదలకుండా చేసే దారి కూడా ఉంది. దాన్ని ఆదిలాబాద్ చూసింది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇవ్వడానికి ఆదిలాబాద్‌తో సహా 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తరువాత అన్నది 2010లో లాటరీ తీసి నిర్ణయించారు. చివరికి అందరికీ వస్తుంది, వరుస మాత్రం చీటీది. రెండేళ్ళ తరువాత చూస్తే, ముందు వచ్చిన మండలాల్లో కూలీ తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, ఇంటికి చేరిన ఉపాధి కూలీ 24 శాతం పెరిగింది. అప్పటికి ఆ మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డు పద్ధతికి మారాయి. అయినా పరిశోధకులు మండలం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. మనం కోచింగ్ పెడితే మధ్యలో మానేసిన పిల్లలను వదిలేసి, చివరిదాకా ఉన్నవారి ర్యాంకులే చెప్పుకునే అలవాటు ఉంది. అది కుదరదన్నమాట.

ఇక ప్రయోగేతర పరిశోధనను చిన్నచూపు చూడవద్దు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, 2016లో తెలంగాణ ప్రభుత్వానికి అందిన సుధీర్ కమిషన్ నివేదిక, రెండూ చీటీలు లేనివే. అవి లేకపోతే మన సమాజం ఏ మెట్టు మీద ఉందో లెక్కలతో మాట్లాడగలిగేవాళ్ళమే కాదు. జబ్బు ఎక్కడుందో అవి చెబుతాయి, ఏ మందు పని చేస్తుందో తేల్చడానికి చాలవు. మధ్య దారి ఒకటుంది. మన మెరిట్ స్కాలర్‌షిప్‌కు 60 శాతం మార్కులు నియమం అనుకోండి. 61 వచ్చిన పిల్లవాడూ 59 వచ్చిన పిల్లవాడూ దాదాపు ఒకటే. గీతకు అటూ ఇటూ ఉన్నవారిని మూడేళ్ళు గమనిస్తే, చీటీ లేకుండానే చాలా తెలుస్తుంది.

గమనించడానికి ఖర్చు ఎంత అంటారా? 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైనప్పుడు రాష్ట్రవ్యాప్తంగా 57 లక్షల రైతులకు చెక్కులు ఇవ్వాలి. లాటరీతో కొన్ని మండలాలు ఎంచి, చెక్కు అందిందా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతామని అక్కడి వ్యవసాయాధికారులకు చెప్పారు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. ఫోన్ చేస్తామన్న మాటకే అంత పని జరిగింది.

ఈ ఏడు టెన్త్ పిల్లల కోచింగ్ గురించి సొసైటీ ఆలోచిస్తోంది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ వస్తే, అర్హుల పేర్లతో అందరి ముందు డ్రా తీయండి. దరఖాస్తులోనే తొమ్మిదో తరగతి మార్కులు, ఇంటి ఫోన్ నంబరు రాయించుకోండి. డ్రాలో పేరు రాని పిల్లల ఫారాలు కూడా బీరువాలో భద్రంగా పెట్టండి. రెండేళ్ళ తరువాత వాళ్ళకూ ఫోన్ చేయాలి, ఇంటర్ ఎలా పోయిందని అడగాలి. ఆ ఫోన్లు చేయడానికి నేనూ వస్తాను, ఇన్‌షా అల్లాహ్.