పలుగునకు, రసీదునకు నడుమ
(సత్తుపల్లి పఠనాలయమున గావించిన ఉపన్యాసము)



శాసనవిరుద్ధముగ ఇల్లు కట్టి, లేక కట్టిన ఇంటిని శిథిలము కానిచ్చి, అందు జనులను అద్దెకుంచు యజమానిని ఏమి చేయవలెను? ఇదియే నేటి ప్రశ్న.

ఇప్పుడు ప్రభుత్వము చేత నున్నవి ముఖ్యముగ రెండు: పలుగు, రసీదు. 2020 నాటి భవన అనుమతుల శాసనము ప్రకారము, 600 గజములలోపు స్థలమున 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వయముగ ధ్రువపరచినంతనే అనుమతి దొరకును. పౌరుని మాట నమ్ముట మంచిదే. ఆ మాట తప్పినచో నోటీసైన లేకుండ కూల్చు అధికారమును గూడ ఆ శాసనమే యిచ్చినది. కాని పలుగు పడిన నాడు వీధిని పడువాడెవడు? అద్దెదారుడు. ఇక రసీదు మాట. 2007లోను, 2015లోను రుసుము గైకొని అక్రమ కట్టడములను క్రమబద్ధము చేయు పథకములు వెలువడినవి. తప్పునకు ధర నిర్ణయించినట్లైనది. ధర తెలిసిన వర్తకుడు వెనుదీయునా?

మన పొరుగున భద్రాచలమున 2025 మార్చి 26వ తేదీన, నిర్మాణమందున్న బహుళ అంతస్తుల భవనము కూలి ఇద్దరు పనివారు మరణించిరి. అట్టి ప్రాణాంతకమైన అపరాధమునకు నేను దయ కోరుట లేదు. కూలకముందే సవరింపదగిన ఇండ్ల మాట చెప్పుచున్నాను.

వాటికి మూడవ మార్గ మొకటి 1958 నుండియు మన శాసన గ్రంథమున నున్నది. ఆ సంవత్సరపు ప్రొబేషను శాసనము 4వ విభాగము ననుసరించి, దోషియని తేలినవానిని వెంటనే శిక్షింపక, మూడేండ్లకు మించని గడువునకు పూచీపత్రము వ్రాయించుకొని విడువవచ్చును. పర్యవేక్షణకు ఒక అధికారిని నియమింపవచ్చును. ఆ పర్యవేక్షణ ఏడాదికి తక్కువ కారాదు. నష్టపోయినవారికి పరిహార మిప్పించు అధికారమును కలదు. షరతు తప్పినచో మొదటి నేరమునకే శిక్ష పడవచ్చును, లేదా యాబది రూపాయల వరకు జరిమానా. (ఆ యాబదికి నేడు సిమెంటు బస్తా యైన రాదు!)

"ఈ తేదీకి మెట్లు, ఈ తేదీకి మరుగుదొడ్డి, ఈ తేదీకి విద్యుత్తు తీగలు" అని ఆ పత్రమున వ్రాయింపవలెను. అద్దెదారుని కక్షతో వెడలగొట్టరాదనియు వ్రాయింపవలెను. ప్రొబేషను అధికారికి మనుష్యుల నడత తెలియును గాని గోడల సంగతి తెలియదు. కావున పురపాలక ఇంజనీరు నివేదిక తప్పనిసరి. గని ప్రేలుళ్ల వలన తమ గోడలు బీటలు వారుచున్నవని ఇచటివారు మొరపెట్టుచునే యున్నారు. ఆ బీటను యజమాని నెత్తిన మోపుట అన్యాయము. బీట యెందువలన కలిగెనో ముందు తేలవలెను.

ఇది వింత యూహ కాదు. అమెరికాలో క్లీవ్‌లాండు నగరమున 1980 నుండి ఇండ్ల వ్యవహారములకే ఒక న్యాయస్థానము కలదు. మరమ్మతు చేయని యజమానులను అది తన పర్యవేక్షణలో నుంచుచున్నది. లాస్ ఏంజిలీసున 1987లో ఒక ధనికుడైన వైద్యుడు, తాను అద్దెకిచ్చిన శిథిల భవనముననే 30 దినములు నిర్బంధమున నుండవలసి వచ్చెను. ఎలుకల సంగతి ఆయనకు అప్పుడు బోధపడియుండును.

న్యాయస్థానమునకు ఆక్రోశము చాలదు, సాక్ష్యము కావలెను. ఈ పఠనాలయమున ఒక పుస్తకముంచుడు. అద్దెదారులు వచ్చి తమ యింటి పగుళ్లను, కారు కప్పులను, యజమానికి చెప్పిన దినమును తేదీతో వ్రాసి సంతకము చేయుదురు గాక. పేరు వ్రాయుటకు జంకువారి పక్షమున మనము సాక్షులుగ నిలువవలెను.