అర రీలు బాకీ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడినారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "నువ్వు సినిమాల మనిషివి గదా, చిన్న సినిమాల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. సినిమాల మనిషినంటే తెర మీది మనిషిని కాదు, తెర కట్టే మనిషిని.

నా సర్వీసులో ఎక్కువ భాగం జీపు వెనుకనే గడిచింది. అందులో ఒక 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, ఒక జనరేటరు, చుట్ట చుట్టిన తెర. పత్తికొండ, ఆలూరు, కోడుమూరు వైపు తిరిగినాను. కొన్నాళ్లు డిప్యుటేషన్ మీద రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు కూడా. కుటుంబ నియంత్రణ, పొదుపు మొత్తాలు, వేరుశనగ తెగుళ్లు, ఇవీ మా సినిమాలు. చావడి ముందు తెర కడితే సగం మంది తెర వెనుక కూర్చునేవారు. వాళ్లకు అక్షరాలు తిరగబడి కనిపించేవి. చదువు రానివారికి దానివల్ల నష్టమేమీ లేదు. ఊరందరికీ సినిమా చూపించి తనను ఒక్కదానికీ తీసుకుపోలేదని మా ఇంటావిడ ఈనాటికీ అంటుంది. ఆ మాట నిజమే.

ఉద్యోగం సంగతి అది. 1980 తర్వాత కర్నూలులో మేము పది పదిహేను మందిమి కలిసినాము. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు వకీళ్లు, ఒక హోమియో డాక్టరు. నెలకు ఒక మంచి సినిమా చూడాలని మా కోరిక. ఈ ఆలోచన మాది కాదు. 1947లోనే సత్యజిత్ రాయ్, ఆయన మిత్రులు కలకత్తాలో ఫిలిం సొసైటీ పెట్టినారు. 1974లో హైదరాబాద్ ఫిలిం క్లబ్ వచ్చింది. జిల్లాల్లో కూడా అక్కడక్కడ ఇట్లాంటివి లేచినాయి. తలా కొంత చందా వేసుకోవడం, పూనాలోని ఫిలిం ఆర్కైవ్‌కు ఉత్తరం రాయడం, రైలు పార్సిల్లో డబ్బా వస్తే తెచ్చుకోవడం, చూసి మరుసటి బండికి తిరిగి పంపడం. సభ్యులందరికీ సినిమా తెలుసు, ప్రొజెక్టరు తెలియదు. అందుకని నన్ను చేర్చుకున్నారు. చందా కూడా అడగలేదు.

1987 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దేశమంతా కరువు. ఆ ఏడాది చివర్లో మాకు 'పథేర్ పాంచాలి' వచ్చింది. బెంగాలీ సినిమా, సుమారు రెండు గంటలు, 16 ఎం.ఎం.లో మూడు పెద్ద రీళ్లు. శనివారం కర్నూలులో వేస్తే ముప్పై మంది వచ్చినారు. సగం మంది ఇంటర్వెల్‌కు లేచిపోయినారు. మా లెక్చరరు మిత్రునికి రోషం వచ్చి, "రేపు దీన్ని పల్లెలో వేద్దాం, చూస్తాం" అన్నాడు. డబ్బాను ఆదివారం రాత్రి ఆదోని స్టేషనులో బొంబాయి వైపు బండికి ఎక్కించాలి. దారిలో ఆస్పరి దగ్గర ఒక ఊరు నాకు బాగా తెలుసు. అక్కడ దిగినాము.

ఊరి జనంలో చాలామంది ఆ వారంలోనే గుంటూరు వైపు సుగ్గికి పోవడానికి మూటలు కట్టుకుని ఉన్నారు. తెర కట్టినాము. జనరేటరు మొరాయించింది. మొదలుపెట్టేసరికి ఎనిమిది దాటింది. లెక్చరరు మైకు పట్టుకుని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పబోయినాడు. పావుగంట కాకముందే ఎవరో, "నువ్వు ఊరుకో సారూ, మాకు అర్థమైతాంది" అన్నారు. తర్వాత మిషను చప్పుడు తప్ప మరేమీ లేదు.

చూడనివారికి కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఒక బీద పురోహితుడు. భార్య, దుర్గ అనే కూతురు, అపు అనే కొడుకు, వంగిపోయిన ఒక ముసలామె. తండ్రి సంపాదన కోసం ఊరు విడిచిపోతాడు. ఉత్తరం రాదు, డబ్బు రాదు. వానలో తడిసిన దుర్గకు జ్వరం వస్తుంది. గాలివాన రాత్రి ఆ పిల్ల చనిపోతుంది.

అక్కడికి వచ్చేసరికి నేను గడియారం చూసినాను. మూడో రీలులో ఇంకా సగం ఉంది. బండి తప్పితే డబ్బా సోమవారం కూడా మా దగ్గరే ఉంటుంది, తర్వాత సినిమా ఇవ్వరు. దీపం ఆపేసినాను. జనం అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. రీలు వెనక్కు చుడుతూ ఉంటే ఒక అవ్వ దగ్గరకు వచ్చి, "సారూ, ఆ పాప నాయిన వచ్చెనా?" అని అడిగింది. "వస్తాడవ్వా, వచ్చినాక అంతా బాగైతుంది" అన్నాను. డబ్బా మూతలు బిగించి జీపు ఎక్కినాను.

ఆదోనిలో బండి గంటన్నర లేటు.

తండ్రి వస్తాడు, నిజమే. కూతురికి చీర తెస్తాడు. ఆ తర్వాత ఆ ఇల్లు బాగుపడదు. సామాను సర్దుకుని, ఎద్దుల బండి కట్టుకుని ఊరు విడిచిపోతారు. సుగ్గికి పోబోయే మనుషులకు నేను ఆపేసిన ముక్క అది.

ఈ సినిమా ఎట్లా తయారైందో ఉద్యోగులకు చెప్పితీరాలి. రాయ్ ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, 1952లో సెలవురోజుల్లో షూటింగు మొదలుపెట్టినాడు. ఇన్సూరెన్సు పాలసీ తాకట్టు పెట్టినాడు, భార్య నగలు కుదువ పెట్టినాడు. డబ్బు అయిపోయి నెలల తరబడి ఆగిపోయింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. పేరులో 'పథం' ఉంది గదా అని ఆ సొమ్మును రోడ్ల అభివృద్ధి పద్దు కింద చూపినారని చెప్పుకుంటారు. ఆడిట్ మిత్రులు నవ్వుతున్నారు, నవ్వండి. 1955లో విడుదలైంది, 1956లో కాన్స్‌లో బహుమతి వచ్చింది. 1993లో లండన్‌లో నెగటివ్ కాలిపోతే మిగిలిన దానిని బాగుచేసి, దొరకని భాగాలకు వేరే ప్రింట్లు చేర్చి, 2015లో మళ్లీ కొత్తగా నిలబెట్టినారు.

మన తెలుగులో? 1977లో 'ఒక ఊరి కథ' తీసింది మృణాల్ సేన్, 1978లో 'అనుగ్రహం' తీసింది శ్యాం బెనెగల్, 1979లో 'మా భూమి' తీసింది గౌతమ్ ఘోష్. వీరిలో మృణాల్ సేన్, గౌతమ్ ఘోష్ బయటినుంచి వచ్చినవారే. 'మా భూమి' నిర్మించిన బి. నరసింగరావు తర్వాత తానే 'దాసి' తీసి, మనవాళ్లకూ చేతనవుతుందని చూపించినాడు. మన సీమకు సినిమా తెలియదని కాదు. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి కడప జిల్లా బిడ్డ. అయితే మన కరువు, మన సుగ్గి తెరమీదికి రాలేదు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటినుంచి సీమ అంటే గాలిలో లేచే సుమోలు, చేతిలో కొడవళ్లు. నా మనుమరాలు హైదరాబాదులో చదువుతున్నప్పుడు, "మీ ఊర్లో బాంబులు వేస్తారా" అని అడిగినారట. దీనికి ఎవరిని తిట్టాలో నాకు ఇంకా తెలియదు.

మా సొసైటీ ఎక్కువ కాలం నిలవలేదు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాలు రావడం, వీధివీధినా వీడియో అంగళ్లు వెలవడం జరిగినాయి. మేమూ బదిలీల్లో చెదిరిపోయినాము.

2019లో, రిటైరైన తొమ్మిదేళ్లకు, మనుమరాలి ల్యాప్‌టాప్, అద్దెకు తెచ్చిన చిన్న ప్రొజెక్టరు తీసుకుని ఆ ఊరికి పోయినాను. సంక్రాంతికి ముందు. ఇళ్లకు తాళాలు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్నారు. బడి గోడ మీద సినిమా మొత్తం వేసినాను. చివర బండి పోయేటప్పుడు పిల్లలు ఎద్దులను చూస్తున్నారు, పెద్దలు నేలను చూస్తున్నారు. అయిపోయినాక యాభై దాటిన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఆ అవ్వ మనుమడట. ఆమె పోయి చాలా ఏళ్లయింది. "మా యవ్వ ఆ రాత్రే చెప్పింది సారూ. సారుకు బండికి టైమైతాంది, అందుకని బాగైతుందన్యాడు. వాళ్లు ఆ ఊర్లో యాడ బతుకుతారు, బండి కడతారు అన్యది." రైలు సంగతి చెప్పుకోవాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుని పోయినాను. ఒకటీ నోటికి రాలేదు.

ఇక అసలు పనికి వస్తాను. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణలో ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని కలిసి చూసినాయి. మనకు ఇక్కడ హాలు ఉంది, తెల్లటి గోడ ఉంది, కుర్చీలు ఉన్నాయి. నెలకొక రెండో శనివారం ఒక చిన్న సినిమా వేద్దామని నా మనవి. కొత్త సినిమాలకైతే హక్కుదారులకు ఉత్తరం రాసి అనుమతి తెప్పించుకోవాలి. ఉత్తరాలు రాయడంలో మనకు మించినవారు ఎవరున్నారు? కంటి ఆపరేషన్ అయినవారు ముందు వరుసలో, మోకాళ్ల నొప్పులవారు గోడ పక్కన. షుగరు ఉన్నవారి కోసం నడిమధ్య పది నిమిషాలు ఆపుతాము. అయిపోయినాక అరగంట మాట్లాడుకోవాలి, ఇది మాత్రం వదులుకోవద్దు. ఇళ్లలో వాళ్లను కూడా తీసుకురండి. మా ఇంటావిడ పేరు మొదట రాసుకున్నాను.

మొదటి సినిమాకు నా ఓటు 'ఒక ఊరి కథ'కు. అటు ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో, ఆటో నడుపుకునే మనిషికి కెమెరా దొరికిన కథ 'సినిమా బండి', 2021లో వచ్చింది, అదైనా సరే. ఏది కావాలో వెళ్లేటప్పుడు కార్యదర్శిగారికి చీటీ ఇవ్వండి. కడప మిత్రులు మీ ఆఖరి బస్సు ఎన్ని గంటలకో కూడా చీటీలో రాయండి. దాన్నిబట్టి మొదలుపెడతాను.

సెలవు.