నర్సు విద్యార్థినులకు ఋణసౌకర్యము
(ఒక పఠనమందిర వార్షికసభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



రోగి ప్రక్కన రాత్రియంతయు మేల్కొనియుండు నర్సును మనము దేవతయని కొనియాడుదుము. ఆ దేవత మూడునాలుగేండ్లు చదువుటకు రుసుము నెవ్వరిచ్చిరని యడుగువారు మాత్రము మనలో నరుదు. ఈ సాయంకాలము నేనడుగు ప్రశ్న యదియే.

1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఫ్లారెన్సు నైటింగేలు స్థాపించిన విద్యాలయమున, శిక్షణ పొందు స్త్రీలకు భోజనవసతులతోపాటు కొద్దిపాటి వేతనము కూడ నొసగిరి. అందులకు ధనము ప్రజల చందాలవలన సమకూడినది. నేర్చుకొనువారి భారమును సంఘమే వహించినదన్నమాట. మన దేశమున 1946 నాటి భోర్ సంఘము, నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే కలరని చింతించినది. నేడు కళాశాలలు పెరిగినవి. వానిలో పెక్కు ప్రైవేటువి. భారము సంఘమును వీడి బీదకుటుంబముపై బడినది.

ఋణములు లేవా యందురేని, కలవు. 2001 నాటి బ్యాంకుల సంఘపు ఆదర్శ పథకము ననుసరించి 4 లక్షల రూపాయలవరకు తాకట్టుగాని పరుల పూచీగాని యడుగరాదు. తల్లిదండ్రులలో నొకరు సహఋణస్థులైన జాలును. 2009లో నారంభమైన పథకము, తల్లిదండ్రుల వార్షికాదాయము 4.5 లక్షలకు మించనివారికి, చదువుకాలమునకును అటుపై నొక యేటికిని వడ్డీని కేంద్రప్రభుత్వమే చెల్లించునట్లు చేసినది. 2015లో 7.5 లక్షలవరకు పూచీనిధి యేర్పడినది.

కాని కాగితముపై నున్న హక్కు బ్యాంకు బల్లయొద్దకు వచ్చుసరికి యాచన యగుచున్నది. కౌలురైతు కూతురు సీటు సంపాదించుకొని వచ్చినచో, "పొలమున్నదా? ఇల్లున్నదా?" యను ప్రశ్నలే యెదురగును. 2024లో ఆమోదింపబడిన విద్యాలక్ష్మి పథకము పూచీని తొలగించినను, శ్రేణులలో నిలిచిన విద్యాసంస్థలకే పరిమితము. తొలి జాబితాలో నున్నవి 860. చిన్న పట్టణముల నర్సింగు కళాశాలలు పెక్కు దానికి వెలుపలనే యున్నవి.

బ్యాంకువారి మాటయు వినవలెను. అది ప్రజల సొమ్ము; తిరిగి రావలెను. 4 లక్షలను నూటికి 10 వడ్డీతో పదియేండ్లలో దీర్చవలెనన్న నెలకు సుమారు 5,300 రూపాయలు కావలెను. చిన్న ఆసుపత్రిలో తొలి జీతమునుండి యది తీయుట సులభము గాదు. కావున అప్పు మాత్రమే మందు గాదు. ప్రభుత్వాసుపత్రులలో కొన్నేండ్లు పనిచేయుదుమని యొప్పుకొన్నవారికి చదువువేతనమీయవలెను. తక్కినవారి వాయిదాలు జీతము ననుసరించి పెరుగునట్లు చేయవలెను.

ప్రభుత్వము కదలువరకు మనము చేయదగిన పని లేకపోలేదు. కళాశాలకు నర్సింగు కౌన్సిలు గుర్తింపున్నదో లేదో రుసుము కట్టకముందే చూచి చెప్పుడు. వారమున కొకసారి యీ మందిరముననే దరఖాస్తులు వ్రాసిపెట్టుడు. నిరాకరించినచో కారణమును వ్రాతమూలముగ గోరుడు. నోటిమాటపై అప్పీలు లేదు.

రేపు మన మంచము ప్రక్కన నిలుచు చేయి నేడు దరఖాస్తు పట్టుకొని వాకిట నిలిచియున్నది. దానిని రిక్తముగ బంపకుందుము గాక!