దాచుకున్న టికెట్టుకు మార్కులు



1947 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లజాతివారిపై ఉన్న అడ్డుగోడ ఆ రోజు కూలింది. పాతికవేల మందికి పైగా చూసిన ఆ మ్యాచ్ టికెట్టు ముక్క ఒకటి 2022లో వేలంలో 4,80,000 డాలర్లు పలికింది.

అది అసలుదేనని కొనేవారికి నమ్మకం ఎలా? ఆ భరోసా ఇచ్చేవే గ్రేడింగ్ సంస్థలు. అమెరికాలో 1991లో మొదలైన పీఎస్ఏ వాటిలో ప్రసిద్ధమైనది. నిపుణులు ముందుగా కాగితం, అచ్చు, తేదీ, సీటు నంబరు చూసి నకిలీ కాదని తేల్చుకుంటారు. తర్వాత మూలలు నలిగాయా, మడత పడిందా, మరకలున్నాయా, అంచు కత్తిరించారా అని పరిశీలించి 1 నుంచి 10 వరకు గ్రేడు వేస్తారు. చివరికి వివరాల చీటీతో సహా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు.

గేటు దగ్గర చింపని పూర్తి టికెట్టు మరీ అరుదు. 1984లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ తొలి ఎన్‌బీఏ మ్యాచ్‌కు తోడు దొరక్క ఒక యువకుడి దగ్గర మిగిలిపోయిన టికెట్టుకు తర్వాత వేలంలో 4,68,000 డాలర్లు వచ్చాయి.

మీ ఇంట్లోనూ పాత క్రికెట్ టికెట్లుంటే జిగురుతో అతికించకండి, లామినేషన్ చేయించకండి, పెన్నుతో ఏమీ రాయకండి. ఎండ, తేమ తగలని చోట ఉంచండి. ఆటల చరిత్రకు అవి అసలైన సాక్ష్యాలు. వాటిని కాపాడటం మన బాధ్యత.