చేతిఫోను చర్మవైద్యము – మన వైద్యశాలల సన్నాహము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించియున్నారు. నేను చర్మరోగములను గూర్చి కొన్ని మాటలు మనవి చేసికొందును. ప్రాణము తీయవు గదా యని వీనిని మనము చులకనగా చూచుచున్నాము. కాని రాత్రి నిద్రను, పగటి కూలిని, కన్యల వివాహములను గూడ చెరుపగల రోగములివి.

1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము దినదినము పెరిగినది. గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రామ్‌గూడలలో ఆకాశమునంటు మేడలు లేచినవి. వానిని కట్టిన మేస్త్రీలు, కూలీలు, కావలికాయు వాచ్‌మన్లు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు ఆ మేడల చాటుననే యిరుకు గదులలో కాపురముందురు. చెమట, తడిబట్టలు, ఒకే పక్కపై పలువురు పరుండుట వీనివలన తామరయు గజ్జియు ప్రబలును. సిమెంటు తగిలి చేతులు పగులును. పెద్దాసుపత్రికి పోయినచో ఆనాటి కూలి పోవును. కావున వారు సందు మొగనున్న మందుల దుకాణమునకు పోయి ఒక గొట్టము లేపనము కొని తెచ్చుకొందురు.

ఆపద యిచ్చటనే యున్నది. అట్టి లేపనములు పెక్కింటియందు స్టెరాయిడు కలదు. పూసిన రెండు దినములలో దురద తగ్గును, ఎఱుపు మాయును. రోగి సంతసించును. తామర బూజు మాత్రము చావదు. లోలోపల వ్యాపించి, రూపు మార్చుకొని, వైద్యునికే గుర్తు తెలియనట్లగును. చర్మము పలుచనై చారలు పడును. వైద్యుని చీటి లేనిదే యిట్టి లేపనములమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము నియమమును బిగించినది. కాని నిపుణుడు చేరువగా లేనిచోట నియమమొక్కటియే రోగిని కాపాడజాలదు.

నిపుణుని చేరువ చేయుటకు చేతిఫోను మంచి సాధనము. దూరవైద్యము మన తెలుగునాటికి క్రొత్తది కాదు. 2000వ సంవత్సరము మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున ఉపగ్రహ సాయముతో దూరవైద్యకేంద్రము ప్రారంభమైనది. 2018 నుండి హైదరాబాదు పేటలలో బస్తీ దవాఖానాలు వెలసినవి. 2019లో కేంద్రప్రభుత్వము ఈ-సంజీవని యను ఏర్పాటు చేసినది. చర్మరోగము కంటికి కనబడునది గావున, దాని ఛాయాచిత్రమును తీసి, రోగవృత్తాంతముతో గూడ పంపినచో నిపుణుడు తన తీరిక వేళ చూచి సలహా చెప్పగలడు.

అయితే ఫోను కొన్నంతమాత్రమున వైద్యము సిద్ధింపదు. సన్నాహము లేని వైద్యశాలకు ఫోనిచ్చినచో, ఆ తప్పుడు లేపనమే మఱియొక దారిని రోగికి చేరును. ఆ సన్నాహమెట్టిదో వివరించెదను.

మొదటిది ఫొటో తీయు విధము. కిటికీ వెలుతురున, ఒకే రంగు గుడ్డ వెనుక నుంచి తీయవలెను. పూసిన మందును, పౌడరును తుడిచివేయవలెను. అందము దిద్దు ఏర్పాట్లను ఫోనులో ఆపివేయవలెను. దూరమునుండి యొకటి, దగ్గరనుండి యొకటి, ప్రక్కనుండి యొకటి తీయవలెను. కొలతకు చిన్న స్కేలుంచవలెను. మన నల్లని, చామనచాయ మేనులయందు ఎఱుపు ఎఱుపుగా కనబడక గోధుమవన్నెగనో, ఊదాగనో కనబడును. కావున కంటితో చూచినవారు ఆ రంగును వ్రాసి పంపవలెను.

రెండవది వృత్తాంతము. ఎన్నినాళ్లనుండి? ఇంటిలో నింకెవరికైన నున్నదా? ఏమి పూసిరి? ఈ కడపటి ప్రశ్న ముఖ్యము. పాత గొట్టమునే తెచ్చి చూపుమనవలెను.

మూడవది స్పర్శ. ఫొటోకు స్పర్శ తెలియదు. కూకటుపల్లిలో కుష్ఠురోగులకై 1958లో రాణీ కుముదినీదేవి శివానంద పునరావాసాశ్రమమును స్థాపించిన సంగతి పెద్దలెఱుగుదురు. ఆ రోగము దేశములో 2005 నాటికి మిక్కిలి తగ్గినను, నేటికిని క్రొత్తగా సోకుచునే యున్నది. పాలిపోయిన మచ్చ కనబడినపుడు రోగి కన్నులు మూయించి, దూదికొసతో తాకి, తెలియుచున్నదా యని అడుగవలెను. తిమ్మిరియుండినచో ఫొటోతో సరిపుచ్చక వెంటనే పరీక్షకు పంపవలెను. మందు ఉచితము, సకాలమున 6 నెలలు గాని 12 నెలలు గాని వాడిన రోగము కుదురును. ఆలసించినచో వ్రేళ్లు వంగిపోవును.

నాలుగవది గోప్యము. బొల్లి అంటురోగము కాదు. అయినను ఆ మచ్చ కనబడిన కన్యకు సంబంధములు తప్పించుచున్నది మన సంఘమే. ఆమె ఫొటో నర్సు సొంత ఫోనులో నిలిచి, చేతులు మారినచో, రోగము చేయని అన్యాయము మనము చేసినవారమగుదుము. కావున వైద్యశాలకు ప్రత్యేకమగు ఫోను, తాళపు సంకేతము, తెర, స్త్రీలకు స్త్రీయే ఫొటో తీయుట అవశ్యకములు. ఆరోగ్యకార్యకర్త సలహా కోరునపుడు రోగి సమ్మతిని స్పష్టముగా పొందవలెనని 2020 మార్చిలో వెలువడిన దూరవైద్య నియమములు చెప్పుచున్నవి. ఆ సమ్మతిని తెలుగున, అవసరమైన హిందీలోను, ఒడియాలోను వివరించి కోరవలెను.

ఐదవది ఆగరాని రోగములను గుర్తించుట. మందు వాడిన పిమ్మట జ్వరముతో మేన బొబ్బలు లేచి నోరు పూసినను, నొప్పితో వాపు వేగముగా ప్రాకినను, ఫొటో పంపి ప్రత్యుత్తరమునకై కూర్చుండరాదు. బండి కట్టించి ఆసుపత్రికి పంపవలెను.

పోషక మహాశయులారా! ఫోనులు దానమిచ్చుట సులభము, ఫొటోకెక్కునదియు నదియే. నేను కోరునవి కంటికి కనబడనివి. మన ధర్మవైద్యశాల యొక్కదానికి వెలుతురు గది, శిక్షణ పొందిన నర్సు, వారమునకొకనాడు ప్రత్యుత్తరమిచ్చు నిపుణుని ఒడంబడిక, పరీక్షకు పోవలసిన కూలివానికి ఆనాటి కూలియు దారిబత్తెమును సమకూర్చుడు. మొదటి మూడు నెలలు ప్రతి రోగిని ఫొటోలోను, ఎదుటను గూడ నిపుణునిచే చూపించి, రెండు తీర్పులు ఎంతవఱకు కలియునో లెక్క వ్రాయింపుడు. ఆ లెక్కను వచ్చు మహాసభలో, మంచియైనను చెడ్డయైనను, చదివి వినిపింపుడు. బాగున్నచో రెండవ వైద్యశాలకు పోవుదము, లేనిచో దిద్దుకొందము.

ఈ వైద్యశాల తలుపు మనవారికే గాక ప్రక్క బస్తీవారికిని తెరచియుండవలెను. గజ్జి కులమునడిగి అంటదు గదా. మన గోడకావలి పిల్లవానికి తగ్గనిచో మన పిల్లవానికిని తగ్గదు.