పైకి కనిపించని బలం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేడిపండు పద్యం మనమంతా ఈ బడిలోనే కంఠతా పట్టాం. పై మెరుపు చూసి మోసపోవద్దని సారు చెప్పారు. దానికి తిరగేసిన పాఠం కూడా ఒకటుంది. పైకి పాడైపోయినట్టు కనిపించేదాన్ని చూసి కూడా మనిషి మోసపోతాడు. అది నేను నేర్చుకున్నది మా క్లాసు మిత్రుడి ఇంట్లో. పేరు చెప్పనని అతనికి మాటిచ్చాను.

ఏడో తరగతిలో అతని పక్కన మేమెవరం కూర్చునేవాళ్లం కాదు. వాళ్ల బాపుకు ఒకప్పుడు కుష్ఠు వచ్చింది. డిచ్‌పల్లి దవాఖానలో చాలాకాలం మందులు వాడి, నయమై ఇంటికొచ్చారు. చేతివేళ్లు మాత్రం కొంకర్లు పోయి ఉండేవి. ఆ వేళ్లను చూసి, కొడుకు ముట్టిన కుండలో మేం నీళ్లు కూడా తాగలేదు.

ఆ దవాఖాన సంగతి మన జిల్లావాళ్లు తెలుసుకోవాలి. 1907లో మన దేశానికి వచ్చిన స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ కలిసి 1915లో దాన్ని నెలకొల్పారు. అందుకు విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. అప్పట్లో చాల్‌మోగ్రా గింజల నూనెతోనే వైద్యం. ఊళ్లు వెలివేసినవాళ్ల పుండ్లు కడిగి, కట్లు కట్టిన చోటు అది. ఇసబెల్ 1932లో కన్నుమూశారు. దవాఖాన మిగిలింది.

ఈ జబ్బు కంటిని ఎలా మోసం చేస్తుందో చూడండి. మొదట ఒంటి మీద పాలిపోయిన మచ్చ వస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. మనిషి దిట్టంగా కనిపిస్తాడు. అతనికే మందు అవసరం. మందులు వాడి పూర్తిగా నయమైనా, నరాలు దెబ్బతిని వంగిన వేళ్లు అలాగే ఉండిపోవచ్చు. అతని నుంచి ఎవరికీ ఏమీ అంటదు. లోకం మాత్రం మొదటివాడితో కలిసి తింటుంది, రెండోవాణ్ని దూరం పెడుతుంది.

ఒక రోజు బడి నుంచి పోతుంటే పెద్ద వాన పట్టుకుంది. తప్పనిసరై మిత్రుడి ఇంట్లో ఆగిపోయాను. వాళ్ల బాపు పసుపు చేను నుంచి వచ్చారు. పార పట్టు తప్పకుండా కర్రను గుడ్డతో చేతికి కట్టుకుని పని చేసేవారట. చేతులూ కాళ్లూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసుకుని, దీపం దగ్గర పెట్టి ఒక్కో వేలూ చూసుకున్నారు. స్పర్శ లేని చోట ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు కదా. ఆ పని ఆయన ఏ రాత్రీ మానలేదని మిత్రుడు చెప్పాడు.

తరువాత మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశారు. తన వేళ్ల గురించి ఏమీ అడగలేదు. కొడుకుతో చదివే పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, "మంచిగ సదువుకోవాలె, సల్లగుండాలె" అన్నారు. ఆ పేర్లలో నా పేరు కూడా ఉంది. అతని పక్కన కూర్చోనివాళ్ల పేర్లే అన్నీ.

నేను లింబాద్రి గుట్ట జాతరకు పోయే ఇంట్లో పుట్టినవాణ్ని. బైబిల్ కథలు తరువాత చదివాను. యెష్షయి ఇంట్లో ఎత్తరి అయిన పెద్దకొడుకును చూసి, రాజు ఇతడేననుకున్నాడు సమూయేలు. దేవుడు ఎంచుకున్నది గొర్రెలు కాస్తున్న చిన్నవాణ్ని. అంతకన్నా నాకు నిలిచిపోయింది యేసు కుష్ఠరోగిని ముట్టుకున్న కథ. బాగయ్యాక ముట్టుకోలేదు, ముట్టుకుని బాగుచేశాడు. ఆ పెద్దమనిషి బలం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. తనను ముట్టుకున్న దేవుడున్నాడని ఆయన నమ్మారు. అందుకే మేం ముట్టుకోకపోయినా మా మీద కోపం పెంచుకోలేదు.

స్పర్శ పోయింది ఆయన చేతులకే అనుకున్నాం. తోటి పిల్లవాడు ఒక్కడే కూర్చుంటే ఏమీ అనిపించనిది మాకు.

ఆ మర్నాడే నేను బెంచీ మారానని చెబితే అబద్ధమవుతుంది. ధైర్యం రావడానికి దసరా సెలవులు దాటాయి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ప్రభుత్వ దవాఖానకు పంపండి. మందులు ఉచితం, జబ్బు నయమవుతుంది. క్లాసులో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు కనిపిస్తే, కారణం అతన్ని కాదు, మిగతావాళ్లను అడగండి.

ఆ బాపు ఇప్పుడు లేరు. మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. ఇవాళ భోజనాల్లో నేను అతని పక్కన కూర్చుంటాను. నీళ్లు తానే పోస్తానన్నాడు.