ఈస్టు మొగ్గ మెడలోని పట్టెడ



కుండలోని కల్లు నిప్పుసెగ లేకయే పొంగుట మీరందఱు నెఱిగినదే. ఆ పొంగునకు ముఖ్యకారణము ఈస్టు అను ఏకకణజీవి. అది యెంత చిన్నదనగా, ఇన్నూఱు కణములను వరుసగా పేర్చినను ఇంచుమించు ఒక మిల్లీమీటరే యగును. తల్లికణము ప్రక్కను ఒక మొగ్గ తొడుగును. అది పెరిగి, మెడవద్ద తెగి, వేఱు కణమగును. ఆ తెగుటకు ఆధారమేమి? నేటి ప్రసంగవిషయ మిదియే.

సామాన్య సూక్ష్మదర్శినిలో ఆ మెడ యొక నొక్కుగా మాత్రమే కనబడును. 1931లో బెర్లినునందు రుస్కా, నోల్ అనువారు వెలుతురునకు బదులు ఎలక్ట్రానులతో పనిచేయు సూక్ష్మదర్శినికి నాంది పలికిరి. అయితే దానిలోపల గాలి యుండరాదు. కావున కణమును రసాయనములతో స్థిరపఱచి, గట్టిపడు జిగురులో బిగించి, మిల్లీమీటరులో పదివేలవ వంతునకు మించని మందమున కోసి, లోహలవణములు పట్టించి చూతురు. అనగా మన కంటబడునది ప్రాణము పోయిన రూపమే.

1976లో అమెరికాలోని సియాటిల్ నగరమున బయర్సు, గోట్ష్ అను పరిశోధకు లిట్లు చూచి, మొగ్గ మెడను లోపలినుండి చుట్టియున్న పోగుల పట్టెడను వర్ణించిరి. ఒక్కొక్క పోగు మందము మిల్లీమీటరులో లక్షవ వంతు.

చూచుట ముగిసినది, అది చేయు పని యేమి? చచ్చిన కణము చెప్పునా? బాల్యమున గురువుగారి యొద్ద నేను అన్వయ వ్యతిరేకములను వల్లించితిని. ఒకటి యున్నచో రెండవదియు నుండుట అన్వయము. అది లేనిచో ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఇచట వ్యతిరేకమునకు సాధనము ముందే సిద్ధమై యుండెను. ఆ నగరముననే హార్ట్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు, విభజన తప్పిన ఈస్టులను ఏఱి భద్రపఱచెను. నాలుగు జన్యువులలో ఏ యొక్కటి చెడినను, 23 సెంటిగ్రేడు డిగ్రీలలో చక్కగా విడిపోవు కణములు 36 డిగ్రీలలో విడివడవు. మొగ్గలు పొడవుగా సాగి తల్లి నంటియే యుండును. అట్టి కణములను కోసి చూడగా మెడలో పట్టెడ లేదు!

అయినను నైయాయికుడు తొందరపడడు. ఆ జన్యువులవలన బుట్టు మాంసకృత్తులే పోగులైనవా, లేక పోగులల్లు పనివాండ్రు మాత్రమేనా? 1987లో వానిలో నొకటి మెడవద్దనే యున్నట్లు తేలెను. 1998లో, శుద్ధిచేసిన ఆ మాంసకృత్తులు కణము వెలుపలను తమంతట తామే పోగులగుట ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో కనబడెను. వానికి సెప్టినులని పేరు. కణమును తెంచుటకు వలసిన యితర మాంసకృత్తులను అవి మెడవద్దకు చేర్చి నిలుపును. మన మానవులయందును 13 సెప్టిను జన్యువులు కలవు.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠము చెప్పితిని. తప్పు వ్రాసిన పలకను చూచినంతనే తుడిచివేయు మంటినిగాని, ఆ తప్పెచట బుట్టెనో చూడనైతిని. హార్ట్‌వెల్ తప్పిన కణములనే దాచుకొనెను. 2001లో ఆయన నోబెలు బహుమానమును మఱి యిద్దఱితో పంచుకొనెను. ఇప్పుడు మా యరుగుమీదికి బాలుడెవడైన తప్పిన లెక్కను తెచ్చినచో, "తుడువకు నాయనా, ముందు చూతము" అనుచున్నాను.

సెలవు.